ముప్పై లీటర్లను వెతుక్కుంటూ కడప దాకా

కర్నూలు వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో మొదట ఎండ గురించి అడుగుతారు, తర్వాత బాంబుల గురించి అడుగుతారు. ఎండ నిజమే. బాంబులు నాకెక్కడా కనపడలేదు. నేను ముప్పై రెండేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని. ఇరుగుపొరుగు వాళ్ళు తీర్థయాత్రలకు రమ్మంటే మోకాళ్ళ నొప్పులని తప్పించుకుంటాను. అలాంటిదాన్ని మండుటెండల్లో కర్నూలు నుంచి కడప దాకా వారం రోజులు తిరిగానంటే కారణం ముప్పై లీటర్ల రసాయనం. అది ఎటు పోయిందో తేలకపోతే ఒక పెద్దమనిషి జైలుకు పోయేట్టున్నాడు.

ఆయన పేరు సుబ్బయ్య శెట్టి. కర్నూలు పాత ఊళ్ళో కాలేజీలకూ మిల్లులకూ యాసిడ్లు, గాజుసామాను అమ్మే కొట్టు ఆయనది. ఆయన కూతురు లలిత నా శిష్యురాలు, పెళ్ళయి మా ఊరికి వచ్చాక నా దగ్గర చదువుకుంది. ఒకరోజు పుట్టింటి నుంచి ఫోన్ చేసి, నాన్నను పదేళ్ళు లోపల వేస్తారంటున్నారు మేడమ్, మీరొకసారి రండి అని ఏడ్చింది. సెల్‌ఫోన్లలో ఇన్‌కమింగ్ ఉచితమైనప్పటి నుంచి నా శిష్యుల కష్టాలన్నీ నా చెవి దాకా వస్తున్నాయి. ఇంత పెద్ద కష్టం మాత్రం ఎప్పుడూ రాలేదు.

సంగతి ఇదీ. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ అని ఒక ద్రవం ఉంది. మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కుపుటాలు కోస్తుంది. తలనొప్పి మాత్ర చేసేవాళ్ళకు అది కావాలి, నల్లమందును హెరాయిన్ చేసే దొంగలకూ అదే కావాలి. అందుకని ప్రభుత్వం దాన్ని ఒక జాబితాలో పెట్టింది. అమ్మిన ప్రతిసారీ మూడు ప్రతుల కాగితం రాయాలి, మూణ్ణెల్లకోసారి లెక్క పంపాలి, ఏ కొంచెం తగ్గినా వెంటనే తెలియజేయాలి. ముప్పై రెండేళ్ళు పిల్లల చేత దాన్ని పరీక్షనాళికల్లోకి పోయించాను గాని దాని వెనక ఇంత కథ ఉందని నాకు తెలియదు. శెట్టిగారి కొట్టుకు తనిఖీకి వచ్చినవాళ్ళు రెండేళ్ళ రిజిస్టరు చూసి, క్యాన్లు కొలిచి, ముప్పై లీటర్లకు పైగా తగ్గిందని నోటీసు ఇచ్చారు. సోమవారం ఉదయానికల్లా సమాధానం చెప్పాలి. నేను మంగళవారం కర్నూల్లో దిగాను.

కర్నూలు

బస్సు దిగేసరికి పొద్దున్న ఏడున్నర, ఎండ మాత్రం మిట్టమధ్యాహ్నంలా ఉంది. ఉగాదికి శ్రీశైలం చేరాలని కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా నడిచిపోతున్నారు. పాదాలకు గుడ్డలు చుట్టుకున్నారు, భుజాన దుప్పట్లు. రోడ్డు పక్కన జనం వాళ్ళకు మజ్జిగ పోస్తున్నారు. నన్ను కూడా భక్తురాలనుకుని ఒకామె నా చేతిలో గ్లాసు పెట్టింది. కాదని చెప్పే ఓపిక లేక తాగేశాను.

లలిత నన్ను ఒక బండి దగ్గరికి తీసుకెళ్ళి ఉగ్గాని తినిపించింది. మేము మరమరాలనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని తడిపి తాలింపు వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు సాయంత్రం కాలక్షేపానికి నమిలే సరుకు ఇక్కడ కడుపు నింపే టిఫిను. బజ్జీ కొరికాక పది నిమిషాలు మాట్లాడలేకపోయాను.

శెట్టిగారికి డెబ్బై దగ్గర పడ్డాయి. సన్నటి మనిషి, తెల్లటి పంచె, నుదుట కుంకుమబొట్టు. ఊరు దాటి వెళ్ళకూడదని ఆయనకు చెప్పి ఉన్నారు. పిల్లలను వైవా అడిగినట్టు ఆయన్ను నిలబెట్టి అడిగాను. దొంగలు పడ్డారా, క్యాన్లు కారాయా, ఎవరైనా కాగితం లేకుండా పట్టుకెళ్ళారా అన్నాను. అన్నింటికీ లేదనే చెప్పాడు. ఆవిరైపోయి ఉంటుందని నా మొదటి సిద్ధాంతం. ఆ క్యాన్లకు తనిఖీ వాళ్ళు సీలు వేసి ఉండటంతో, తెరిచి చూడలేక, ఎన్నిసార్లు మూత తీసేవాడో, ఎంతసేపు తెరిచి ఉంచేవాడో అడిగి లెక్క కట్టాను. రెండేళ్ళకు ఎంత సాగదీసినా మూడు లీటర్లకు మించలేదు.

“కొన్నది కొన్నట్ల రాసినా, అమ్మింది అమ్మినట్ల రాసినా మేడమ్. నడమ యాడ పోయిందో నాకు తెల్దు” అన్నాడు శెట్టిగారు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. ఆ ఇంట్లో భోజనం చేస్తూ, ఆయన భార్య వడ్డించిన శనగపప్పు పచ్చడి తింటూ, ఈయన బొంబాయి వాళ్ళెవరికో అమ్మేసి ఉంటాడని లోపల అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ సరుకు ఆయన దగ్గర ఎప్పుడూ కొనేది ముగ్గురేనని రిజిస్టరు చెబుతోంది. ఓర్వకల్లు దగ్గర ఒక ఆముదం మిల్లు, నంద్యాలలో ఒక ఫార్మసీ కాలేజీ, కడపలో అగరబత్తీలకు సెంటు చేసే ఒకావిడ. వాళ్ళను అడిగి చూస్తే ఏదైనా తేలుతుందేమోనని లలిత అంది. వాళ్ళమ్మకు బీపీ ఎక్కువై మంచం మీద ఉంది, లలిత కదలలేదు. కాబట్టి నేనే బయల్దేరాను.

ఓర్వకల్లు

దారిలో రాళ్ళ కొండలు. ఒక బండ మీద ఇంకో బండ, ఎవరో పిల్లవాడు ఆడుకుని సర్దకుండా వెళ్ళిపోయినట్టున్నాయి. కాలవలు, వరిచేలు చూసి పెరిగిన కళ్ళకు అంత మెట్టభూమి చూస్తే దాహం వేస్తుంది. బస్సు దిగి మిల్లు దాకా నడిచేసరికి నా చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని మిల్లు యజమాని ఓబుల్ రెడ్డి ముందు హాజరయ్యాను.

ఆయన నవ్వలేదు. మనిషిని పంపి పిన్నీసు తెప్పించాడు, తనతో పాటు నాకూ జొన్నరొట్టె పెట్టించాడు. నూనె నాణ్యత పరీక్షకు ఈ రసాయనం కావాలట, నెలకు నాలుగైదు లీటర్లు పడుతుందట. కాగితంలో రాసినదానికన్నా ఎక్కువ సరుకు ఎప్పుడైనా వచ్చిందా అని సూటిగా అడిగేశాను. ఆయన జొన్నరొట్టె తుంచుతూ, అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

“ఎప్పుడు రాలేదో అడగండి మేడమ్. ఆయప్ప ప్రతి గ్లాసు కొలిచి పోసినాక ఇంగొక గుక్క కొసరు పోస్తాడు. అది పోయకుండా క్యాను మన చేతికియ్యడు. కొసరు లేకుండా మనిషిని పంపితే కొట్టుకు అరిష్టమని వాళ్ళ నాయన కాలం నుంచి ఉండాది.”

రొట్టె నా చేతిలోనే ఆగిపోయింది. మా తెనాలి మార్కెట్లో కూరగాయలామె కూడా కొసరు వేస్తుంది. అయితే మనం అడగాలి, ఆమె విసుక్కోవాలి, చివరికి రెండు పచ్చిమిరపకాయలు పడతాయి. ఇక్కడ అడగకుండానే పోస్తాడట, అదీ ప్రభుత్వం చుక్క చుక్కకూ కాగితం రాయమన్న సరుకును. నా సెల్ ఇన్‌కమింగ్‌కే పనికొస్తుంది, అందుకని వెంటనే రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి శెట్టిగారికి ఫోన్ చేశాను. కొసరు పోస్తారటగా అంటే, పోస్తా, పోయకుంటే ఎట్ల అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను.

“మీరు అమ్మింది ఎంతని అడిగితిరి. కొసరు అమ్మిందాంట్లోకి రాదు కదమ్మా” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెనకే ఒళ్ళు మండింది. పదేళ్ళ జైలు నెత్తి మీద పెట్టుకుని ఈయన వ్యాకరణం చెబుతున్నాడు. అయినా మనసు తేలికపడింది, దొంగ దొరికాడు, దొంగ కొసరు. ఇక కొన్న ముగ్గురి చేతా మాకు కొసరు ముట్టిందని రాయించుకుంటే సోమవారం అధికారి ముందు పెట్టొచ్చు. మళ్ళీ మిల్లుకు వెళ్ళి ఓబుల్ రెడ్డి ముందు తెల్లకాగితం పెట్టాను. ఆయన దాన్ని చూసి రొట్టె పళ్ళెం పక్కకు జరిపాడు. కాగితం లేకుండా ఆ సరుకు తీసుకోవడం కూడా నేరమేనని ఆయనకు తెలుసు. నోటితో ఎంతమందికైనా చెబుతానన్నాడు, రాతలో మాత్రం తన చేయి పెట్టనన్నాడు. మిల్లులో నలభై మంది బతుకుతున్నారని కూడా అన్నాడు. బస్సు దాకా జీపులో దింపాడు. దింపేటప్పుడు నా మొహం చూడలేకపోయాడు.

నంద్యాల

నంద్యాలలో నూటయాభై రూపాయల లాడ్జిలో బస. కుళాయిలో నీళ్ళు పొద్దున ఒక గంట వస్తాయి, అవీ వేడిగా వస్తాయి. మా ఊళ్ళో నీళ్ళకు విలువ లేదని అంటుంటారు గాని, ఆ గంట కోసం బకెట్టు పట్టుకుని నిలబడ్డప్పుడే నాకు ఆ మాట అర్థమైంది.

ఫార్మసీ కాలేజీలో ప్రిన్సిపాలు నన్ను రెండు నిమిషాల్లో పంపించేశాడు. లాబ్ అటెండరు నాగన్న మాత్రం, మీరు కెమిస్ట్రీ మేడమా అని స్టూలు వేశాడు. పాతికేళ్ళుగా ఆ లాబ్‌లో ఉన్నాడు. కొసరు మాట ఎత్తగానే ఆయన మొహం వెలిగింది. లోపలి గదిలోంచి ఒక గోధుమరంగు సీసా తెచ్చి చూపించాడు. దాని మీద ఏమీ రాసి లేదు. పరీక్షల్లో పిల్లలు ఆస్పిరిన్ తయారు చేయాలి. ఒక్కొక్కరికీ కొలిచి ఇస్తారు, చేయి వణికి ఒలికిపోతే ఆ ఏడాది ఫెయిలు. అట్లాంటి పిల్లలకు నాగన్న ఈ సీసాలోంచి రెండోసారి పోస్తాడట. ఎన్నో ఏళ్ళుగా శెట్టి కొసరు మీద గట్టెక్కిన పిల్లలు ఎంతమందో తనకే తెలియదన్నాడు.

నా సర్వీసులో చేయి వణికిన పిల్లలను ఎంతమందిని ఫెయిల్ చేశానో గుర్తొచ్చింది. ఇలాంటి సీసా ఒకటి దాచుకోవచ్చనే ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఆ సీసా మూత సరిగ్గా ఉందా అని పట్టుకు చూడబోయి నా చీర మీద రెండు చుక్కలు వేసుకున్నాను. నాగన్న కంగారుపడి చెంబుతో నీళ్ళు పోశాడు. అలా తడిచీరతో నిలబడే ఆయన్ను సంతకం అడిగాను.

“రాస్తే ఆ కొసరు ఏం చేసినావని అడుగుతారు మేడమ్. ఈ సీసా సంగతి చెప్పాల్సొస్తుంది. నా ఉద్యోగం పోతే పోనీ, పిల్లోళ్ళకు ఇంగ రెండో తూరి ఉండదు” అన్నాడు.

తెల్లకాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. లాడ్జికి వచ్చి చీర మార్చుకున్నాను. గురువారం అయిపోయింది, నా సంచిలో ఒక్క సంతకం లేదు. అన్నం తినబుద్ధి కాలేదు. గదిలో కూర్చోలేక బజారులో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను.

ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల

మర్నాడు కడప వైపు బస్సెక్కితే దారిలో టైరు పంక్చరైంది. గంటన్నర రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. మిగతా ప్రయాణికులు మూటలు విప్పి చెనిక్కాయలు, అంటే మన వేరుశనగకాయలు పంచుకున్నారు. నేను గడియారం చూసుకుంటూ డ్రైవరు ప్రాణం తీశాను. చివరికి ఒక ముసలాయన, “ఏమమ్మా, యాడికి అంత తొందర? టైరును కోప్పడితే తిరుగుతాదా?” అని నా చేతిలో గుప్పెడు పోశాడు.

ప్రొద్దుటూరులో బస్సు మారాను. అక్కడి బంగారం కొట్లు చూడాలని మా వాళ్ళు చెప్పారు గాని నేను చూసింది కారం దోశ ఒక్కటే. దోశ మీద ఎర్రకారం పులిమి, పైన పప్పుల పొడి వేసి పది రూపాయలకు ఇచ్చారు. ఎక్కిళ్ళు ఎర్రగుంట్ల దాకా తగ్గలేదు.

ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము చెట్ల మీదా ఇళ్ళ మీదా మనుషుల కనుబొమల మీదా ఉంటుంది. కడప రైలు రెండు గంటలు ఆలస్యమన్నారు. స్టేషను బయట టీకొట్టులో ఒక లారీ డ్రైవరు పక్కన కూర్చున్నాను. మస్తాన్ అని చెప్పాడు. ఇప్పుడు సిమెంటు తోలుతున్నాడు, అంతకుముందు గుజరాత్ వైపు నుంచి ట్యాంకర్లలో రసాయనాలు తోలేవాడట. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పేరు నేనంటే అతను టీగ్లాసు కింద పెట్టాడు. ఆ సరుకెక్కితే ఇంటి దగ్గర భార్య దువా చేసేదట. ప్రతి చెక్‌పోస్టులోనూ దించేవాళ్ళు, కాగితం నెంబరు చూసేవాళ్ళు.

“లోపల ఏముండాదో నాకు తెల్దమ్మా. కాగితం పోతే మాత్రం నేను పోతా, అది తెలుసు. నాతోటి డ్రైవరు ఒకడు వానలో కాగితం తడిపినాడు. ఏడు నెలలు లోపలుండి వచ్చినాడు” అన్నాడు.

ఆ ఏడు నెలల మాట నన్ను పట్టుకుంది. కాగితం తడిస్తేనే ఏడు నెలలైతే, ముప్పై లీటర్లకు ఎన్నాళ్ళు? శెట్టిగారి సన్నటి మణికట్లు కళ్ళ ముందు మెదిలాయి. రైలొచ్చే దాకా ప్లాట్‌ఫారం మీద ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను.

కడప

షహనాజ్ బీ ఇల్లు సందులో సందు. సందు మొదట్లోనే గులాబీ వాసన వస్తుంది, ఆ వాసన పట్టుకుని వెళితే ఇల్లు దొరుకుతుంది. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త పోయాక ఆయన పని ఆమే చేస్తోంది. సీమ మెట్టభూముల్లో ఒక గడ్డి పెరుగుతుంది, దాని నూనెలో గులాబీ వాసన ఉంటుంది. ఆ నూనెను శెట్టి దగ్గర కొన్న రసాయనంతో కలిపి కాస్తే వాసన మెత్తబడుతుందట. అలా చేసిన సెంటును అగరబత్తీలు చుట్టే ఆడవాళ్ళకు అమ్ముతుంది. శెట్టిగారి దగ్గర అందరికన్నా ఎక్కువ కొనేది ఈమే, నెలకు పద్దెనిమిది లీటర్ల దాకా.

నన్ను కూర్చోమని చాప వేసి, కుష్కా పెట్టింది. నేను మాంసం తిననని చెబితే, అందుకే కుష్కా పెట్టినానక్కా, బిర్యానీయే గాని దాంట్లో ముక్క ఉండదు అంది. తింటూ ఉండగానే ఇద్దరు ఆడవాళ్ళు సెంటు కోసం వచ్చారు. ఈమె గ్లాసుతో కొలిచి పోసి, పైన ఇంకో గరిటె పోసింది. నేను చూస్తున్నానని గమనించి, “శెట్టి నాకు పోసేది నేను వీళ్ళకు పోస్తాండా” అని నవ్వింది.

విషయమంతా చెప్పాను. ఇద్దరు సంతకం పెట్టలేదని కూడా దాచకుండా చెప్పాను. పెడితే ఆమెకూ చిక్కు రావచ్చని చెప్పాను. ఆమె తమ్ముడు కరీం గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. సైకిల్ షాపు నడుపుతాడు, ముప్పై ఏళ్ళవాడు. ఆమె కలం తీసుకోబోతుంటే అతను లోపలికొచ్చాడు.

“వద్దక్కా. ఆ కేసు కాగితంలో హెరాయిన్ అని రాసుంటారు. దాంట్లో మన పేరు పడితే బయటికొస్తామా? శెట్టికి వకీళ్ళుండారు. మనకెవరుండారు?” అన్నాడు.

అతను చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. మేడమ్, మీరు తెనాలి పోతారు, మేము ఈ సందులోనే ఉండాలి కదా అని నాతో కూడా మర్యాదగానే అన్నాడు. షహనాజ్ బీ పొయ్యి మీది పాత్ర దించి, చేతులు తుడుచుకుని వచ్చింది.

“తీసుకున్నది నిజం కదప్పా. నెల నెలా తీసుకుంటి. ఈ పొద్దు తీసుకోలేదని ఎట్ల చెప్పేది?” అని తమ్ముడితో అని, కాగితం ముందుకు లాక్కుంది.

తెలుగులో నిదానంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. సుబ్బయ్య శెట్టి ప్రతి అర లీటరుకూ కొసరు పోస్తాడు, నేను అడగలేదు, ఆయన దానికి దుడ్లు తీసుకోలేదు అని. కింద సంతకం పెట్టింది. కరీం బయటికి వెళ్ళిపోయాడు. నాకు సంతోషం కలగాలి, కలగలేదు. ఆ కాగితాన్ని పుస్తకం మధ్యలో పెట్టుకున్నాను, ఆదివారం కర్నూలు బస్సులో పదిసార్లైనా తీసి చూసుకున్నాను. చూసినప్పుడల్లా వెనక్కి వెళ్ళి ఇచ్చేద్దామా అనిపించింది.

మళ్ళీ కర్నూలు

సోమవారం పొద్దున్నే శెట్టిగారికి ఆ కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడతపెట్టి నా సంచిలోనే పెట్టాడు. ఆయమ్మ పేరు విచారణలో ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తితే, ముప్పై లీటర్లూ తానే దొంగతనంగా అమ్మానని ఒప్పుకుంటానన్నాడు. లలిత ఎంత ఏడ్చినా వినలేదు. నాకు చాలా కోపమొచ్చింది. మోకాళ్ళు అరగదీసుకుని తెచ్చిన ఒకే ఒక్క సంతకం.

విచారణకు వచ్చిన అధికారి ఉత్తరాది మనిషి, నలభై ఏళ్ళవాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. కొసరంటే ఏమిటో నేను వివరించాను. తమ ఊళ్ళో పాలవాళ్ళు కూడా అలా పోస్తారని అతనన్నాడు. అయితే రిజిస్టరులో దానికి గడి లేదన్నాడు, ఇది కథ కాదని రుజువేమిటన్నాడు. మాటల్లో కరుకుదనం లేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు నాకు తోచింది చెప్పాను. నా ఉద్యోగమంతా కొలతలే. మనిషి చేయి ఒకే పని వేలసార్లు చేస్తే అది ఒక పద్ధతికి అలవాటు పడుతుంది. నీళ్ళు తెప్పించండి, ఆయన కొట్టులోని అర లీటరు గ్లాసుతో ఇరవై సార్లు పోయించండి, తర్వాత కొలవండి అన్నాను. అధికారి ఒప్పుకున్నాడు. బకెట్టు, గ్లాసు, ఖాళీ క్యాను, కొలిచే గాజు జాడీ వచ్చాయి.

శెట్టిగారు మొదటిసారి పోశాడు. సరిగ్గా అర లీటరు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. గీత దగ్గర చేయి టక్కున ఆగిపోయింది. అధికారి నా వైపు చూశాడు. లలిత నా మోచేయి గట్టిగా పట్టుకుంది. భయంతో జాగ్రత్తగా పోస్తున్నాడేమో అనుకున్నాను, తీరా చూస్తే ఆయన మొహంలో భయం లేదు. ఊరికే పోస్తున్నాడు. క్యాను నేల మీద ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు.

“సార్, ఆ క్యాను మీరు పట్టుకోండి. కొనుక్కోవడానికి వచ్చినట్టు నిలబడండి” అన్నాను.

అధికారి నన్ను వింతగా చూసి, లేచి క్యాను పట్టుకున్నాడు. శెట్టిగారు ఆయన మొహం ఒకసారి చూశాడు. అర లీటరు పోశాడు. గ్లాసు మళ్ళీ బకెట్లో ముంచి, ఒక చిన్న గుక్క ఎక్కువ పోశాడు. పోశాక క్యాను మూత పెట్టి, అందిస్తున్నట్టు రెండు చేతులూ దాని కింద ఆనించాడు. ఆ గుక్క పోసినట్టు ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇరవై సార్లూ అధికారే పట్టుకున్నాడు. జాడీలో కొలిస్తే ప్రతిసారీ ఇరవై మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఎక్కువ వచ్చింది. రెండేళ్ళలో అమ్మిన ఏడు వందల లీటర్లతో, అంటే పద్నాలుగు వందల గ్లాసులతో హెచ్చవేశాను. ఇరవై ఎనిమిది లీటర్లు. దానికి నా ఆవిరి మూడు లీటర్లు కలిపితే నోటీసులోని అంకె దగ్గరికి వచ్చేసింది. అధికారి ఆ లెక్కను తన చేత్తో మళ్ళీ వేసుకుని, చాలాసేపు రాశాడు. సరుకు పక్కదారి పట్టలేదు, కొలతలో అజాగ్రత్త, లోటు తెలియజేయకపోవడం తప్పు, హెచ్చరికతో సరి. ఇకమీదట సీలు సీసాల్లోనే, చుక్క ఎక్కువ కాకుండా అమ్మాలని శెట్టిగారికి చెప్పాడు.

“అట్ల అమ్మేది నా చేత కాదు సార్. ఆ సరుకే నాకొద్దు” అని, శెట్టిగారు అక్కడికక్కడే రాసిచ్చాడు.

లలిత వాళ్ళమ్మ మంచం మీంచి లేచి ఆ మధ్యాహ్నం అందరికీ తానే వడ్డించింది. నేను రెండు సంగటి ముద్దలు తిన్నాను. వారం రోజుల తర్వాత ఆకలి తెలిసింది. చేయి కడుక్కుంటుండగా షహనాజ్ బీ గుర్తొచ్చింది. సంతకం పెట్టిన ఒక్క మనిషికీ రేపటి నుంచి సరుకు లేదు. హైదరాబాదు వాళ్ళు డ్రమ్ములకు డ్రమ్ములు కొనేవాళ్ళకు తప్ప ఇవ్వరు. శెట్టిగారికి ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఆయన మొహం చూసి మింగేశాను.

బస్టాండు దగ్గరి బూత్‌లోంచి కడపకు ఫోన్ చేశాను. పక్కింటి ఫోను, ఆమె వచ్చేదాకా ఆగాను.

“శెట్టి ఇంట్లో ఉండాడా అక్కా?” అదే ఆమె మొదటి మాట.

ఉన్నాడని చెప్పాను. అల్లా పేరు తలుచుకుంది. సరుకు సంగతి కూడా చెప్పేశాను, దాచి ఏం లాభం. కానీలే, ఉత్త గడ్డినూనె అమ్ముకుంటాం, సగం దుడ్లు వస్తాయి అంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నీ కాగితం ఎవరికీ చూపించలేదమ్మా, శెట్టిగారు చూపించనివ్వలేదు అన్నాను.

“అట్లయితే చింపేయండక్కా. ఆ పొద్దు నుంచి మా తమ్ముడు సరిగ్గా అన్నం తినడంలే. రోడ్డు మీద జీపు ఆగితే లేచి నిలబడతాండాడు.”

అతనక్కడ ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడట. ఫోను అతనికివ్వమన్నాను. అతను హలో అనలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను సంచిలోంచి ఆ కాగితం తీసి, రిసీవరుకు ఆనించి పట్టుకుని, అతనికి వినపడేలా మెల్లగా చింపాను.